డుడుమ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి?

వానలు పట్టినాయంటే చాలు, ఫోన్ల నిండా డుడుమే. డ్రోన్ పైకి లేస్తాది, తెల్లటి ధార లోయలోకి దూకుతాది, వెనకాల ఏదో సినిమా పాట. కింద మన కుర్రాళ్ల కామెంట్లు: "ఎప్పుడెల్దాం మావా?" వెళ్లండి, మంచిదే. మన కొండలు మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారు. కానీ ఆ రీల్‌లో కనపడని సంగతి ఒకటుంది. ఆ ధార ఎంత లావుగా పడాలి, అసలు పడాలా వద్దా అన్నది ఇప్పుడు మేఘం ఒక్కదాని చేతిలో లేదు. డెబ్బై ఏళ్లుగా అది ఒక గేటు చేతిలో ఉంది. ఆ గేటేమో కరెంటు లెక్క చేతిలో ఉంది.

డుడుమ ఎక్కడో తెలీనివాళ్ల కోసం చెప్తన్నాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ముంచంగిపుట్టు మండలం దాటితే ఒడిశా వాళ్ల కోరాపుట్ జిల్లా. మధ్యన మాచ్‌ఖండ్ నది. మన మాడుగుల కొండల్లో పుట్టి, రెండు రాష్ట్రాలకీ సరిహద్దుగా నడిచి, ఒకచోట నేల తెగిపోయినట్టు నూటయాభై మీటర్ల పైచిలుకు లోతుకి పడిపోతాది. అదే డుడుమ. ఇంకా కిందకి పోతే అదే నదిని సీలేరు అంటారు. సీలేరు పోయి శబరిలో కలుస్తాది, శబరి కూనవరం దగ్గర గోదారిలో కలుస్తాది. అంటే రాజమండ్రి కాడ మీరు దోసిలి పట్టిన నీళ్లలో డుడుమ నీళ్లు కూడా ఉంటాయి.

ఒకపాలి ఏప్రిల్‌లో వెళ్లినాను. ఎండ మండిపోతంది. లోయ అంచున నిలబడి చూస్తే ఎదురుగా నల్లటి రాతిగోడ, దాని మీద తడి చార, పాచి. అడుగున గుండ్రాళ్లు, వాటి సందుల్లో నాలుగు మడుగులు. జలపాతం చూద్దామని పిల్లల్ని తీసుకొచ్చిన కుటుంబం ఒకటి ఆ రాతిగోడ ముందే ఫొటో దిగింది. అక్కడ టీ కొట్టులో ఒక పెద్దాయన కూర్చున్నాడు. "నీళ్లేవి తాతా?" అని అడిగినాను. చెయ్యి కొండ అవతలికి చూపించి, "పైపులో ఉన్నాయి బాబూ" అన్నాడు.

నిజమే, పైపులోనే ఉన్నాయి. పైన జోలాపుట్ దగ్గర పెద్ద డ్యాం. 34 టీఎంసీల నీరు పట్టే జలాశయం అది. అందులో వాననీరు దాచి, కావలసినంత కిందకి వదులుతారు. ఆ నీరు డుడుమ దాకా వస్తాది గానీ డుడుమలో పడదు. జలపాతానికి ఎగువన ఇంకో ఆనకట్ట కట్టి నదిని పక్కకి తిప్పేసినారు. అక్కడ నుంచి కొండ పక్కగా తీసుకుపోయి, ఏటవాలుగా దించిన లావుపాటి ఇనప పైపుల్లోంచి ఒనకడిల్లి పవర్‌హౌస్‌లోకి వదుల్తారు. మిషన్లు తిప్పేసినాక ఆ నీరు మళ్లీ నదిలో కలుస్తాది. ఆనకట్టకీ పవర్‌హౌస్‌కీ మధ్య ఉన్న నది, అంటే జలపాతమూ దాని కింద లోయా, వాళ్ల లెక్కలో లేనట్టే. జలాశయాలు నిండి పొర్లితే, మిషన్లు ఆగిపోతే, ఆ మిగులే మనకి జలపాతం. మీ రీల్‌లో దూకేది అదే.

నేను ఇంజనీరుని కాదు. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోతే కరెంటు బిల్లులు, జీవో కాపీలు, కోర్టు తీర్పులు చదువుకుంటూ నేర్చుకున్నవాడిని. కానీ ఈ లెక్క పెద్ద కష్టమేం కాదు, మీరూ వేసుకోవచ్చు. ఇంటి మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటాది కదా, ఆ నీరు రెండొందల మీటర్ల ఎత్తు నుంచి పైపులో దిగి టర్బైన్ తిప్పితే వచ్చే కరెంటు దగ్గర దగ్గర అర యూనిట్. ఒక ఫ్యాను ఆరేడు గంటలు తిరుగుతాది. అంతే. అందుకే వాళ్లకి నది మొత్తం కావాలి. అందుకే జలపాతం మీంచి పడే ప్రతి ట్యాంకూ కరెంటోళ్ల పుస్తకంలో అర యూనిట్ నష్టం. వాళ్ల భాషలో దానికి పేరు వృథా. మనం రెండొందల కిలోమీటర్లు బండి మీద పోయి చూసొచ్చేది వాళ్లు వృథా అని రాసుకునేదాన్ని.

ఇప్పుడు కొందరంటారు: "అయితే ఏటి? కరెంటు వద్దా నీకు? ఫోను చార్జింగ్ దేంతో పెడతావు?" కరెంటు వద్దని నేనెక్కడా అనలేదు. మాచ్‌ఖండ్ చిన్న పనేం చెయ్యలేదు. 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి ప్రారంభించినారు. 1959 నాటికి ఆరు మిషన్లూ తిరిగినాయి, అన్నీ కలిపి ఇప్పటి లెక్కన 120 మెగావాట్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సంగతి. విశాఖ వైపు ఊళ్లలో దీపాలు, మిల్లులు ఆ కరెంటుతోనే నడిచినాయి. అదే నది మీద తర్వాత బలిమెల వచ్చింది, ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు వచ్చినాయి. రబీలో గోదారి డెల్టాకి నీరు చాలకపోతే సీలేరు నుంచి వదిలే నీటి కోసం రైతులు ఎదురు చూస్తారు. ఇవన్నీ నిజాలే. వీటిని దాచిపెట్టి ఉద్యమం చెయ్యలేం, చెయ్యకూడదు కూడా.

అడగాల్సింది వేరే ఉంది. ఎవరి నది, ఎవరి వాటా?

మాచ్‌ఖండ్ కరెంటు వాటాల మీద రెండు రాష్ట్రాలూ దశాబ్దాలు తగువు పడినాయి. మొదట మన వైపు 70, ఒడిశా వైపు 30. ఆఖరికి సగం సగం అన్నారు. ఫైళ్లు తిరిగినాయి, మంత్రులు కూర్చున్నారు, ముఖ్యమంత్రులు మాట్లాడుకున్నారు. ఆ బల్ల ముందు జోలాపుట్ నీళ్లలో ఊరు మునిగినవాడికి కుర్చీ లేదు. పరిశోధకులు తీసిన లెక్కలో ఈ ప్రాజెక్టు కింద ఇళ్లూ భూములూ పోయిన కుటుంబాలు దాదాపు 3 వేలు. అందులో సగానికి పైగా ఆదివాసులు, పదో వంతు దళితులు. ఏదో ఒక రకంగా పునరావాసం అందింది సుమారు 600 కుటుంబాలకి. మిగతావాళ్లు ఏమైనారు? కొండ మీదకి ఎక్కినారు, పోడు కొట్టినారు, బంధువుల ఊళ్లలో తలదాచుకున్నారు. గదబ జనం ఊళ్లు కొన్ని పూర్తిగా చెదిరిపోనాయి.

ఎందుకలాగ అయిందంటే, అప్పుడున్నది 1894 నాటి తెల్లోడి భూసేకరణ చట్టం. పట్టా చూపించినవాడికి పరిహారం. పోడు చేసుకునేవాడికి పట్టా ఎక్కడిది? తాతల నాటి జీలుగు చెట్టుకి, మామిడి చెట్టుకి, ఊరి గంగాలమ్మ రాయికి ఏ కాగితముంటాది? కాగితం లేకపోతే మనిషి లేనట్టే. నది లేనట్టే, మనిషీ లేనట్టే. వాళ్ల కొంపల మీంచి టవర్ లైన్లు పోనాయి. ఆ లైన్ల కింద ఊళ్లలో మటుకు ఏళ్ల తరబడి కిరసనాయిలు బుడ్డే వెలిగింది.

కిందకి పోతే బలిమెల జలాశయం కథ ఇంకోటి. నీళ్లు నాలుగు వైపులా చుట్టేస్తే చిత్రకొండ అవతల 151 ఊళ్లు తెగిపోనాయి. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా పడవే దిక్కు. గురుప్రియ వంతెన తెరిచింది 2018 జులైలో. అప్పటికి ఆ ఊళ్లలో రెండు తరాలు పడవ మీదే పుట్టి పెరిగినాయి అనుకోండి.

సరే, అది పాత కథ, ఇప్పుడు జలపాతం గురించి ఎవరేం చెయ్యగలరు అంటారా? చెయ్యగలరు. నయాగరా పేరు వినే ఉంటారు. అక్కడ కూడా కరెంటు కోసం నదిని పక్కకి తిప్పినారు. కానీ 1950లో అమెరికా, కెనడా కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. జనం చూడ్డానికి వచ్చే నెలల్లో పగటి పూట లక్ష క్యూసెక్కులకి తగ్గకుండా జలపాతం మీంచి పడాలి, మిగతా వేళల్లో యాభై వేలు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని గంటలకి మొదలు, ఎన్ని గంటలకి ఆఖరు, అంతా కాగితం మీదుంది. అంత పేరున్న జలపాతం కూడా రాత్రయితే సగానికి తగ్గిపోతాదన్న మాట. నాకది పూర్తిగా నచ్చదు, నదికి డ్యూటీ టైములు ఏంటని. కానీ కనీసం "ఇంతకంటే తగ్గకూడదు" అని ఒక అంకె ఉంది, దాని కింద రెండు దేశాల సంతకాలున్నాయి. డుడుమకి ఆ అంకె ఏదీ?

అంత దూరం ఎందుకు, నాగార్జునసాగర్ దగ్గర ఎత్తిపోతలకి కుడి కాలువ నీరు వదిలి టూరిస్టుల కోసం ఏడాది పొడుగునా పారేలా చూస్తారు. పల్నాడులో కుదిరింది మన్యంలో ఎందుకు కుదరదు? మన దేశంలో గంగ మీద ఎప్పుడూ ఇంత ప్రవాహం ఉండాలని 2018లో కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చింది. కొత్త జలవిద్యుత్ ప్రాజెక్టులకి పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు ఎండాకాలంలోనూ నదిలోకి కొంత వాటా వదలాలని షరతు పెడతన్నారు. కానీ అలాంటి అనుమతులు తప్పనిసరి అన్న నోటిఫికేషన్ 1994లో వచ్చింది. మాచ్‌ఖండ్ దానికి నలభై ఏళ్ల ముందుది. అంచేత ఏ షరతూ దాన్ని అంటదు.

చేపకి, చెట్టుకి, దాహానికొచ్చే పశువుకి ఈ నీరు ఎంత అవసరమో లోయలో బతికేవాళ్లని అడగండి. నేను ఇంకో సంగతి చెప్పాలి, ఇది మీ ప్రాణాల సంగతి. గేటు చేతిలో ఉన్న నది ఎండిపోవడమే కాదు, ఒక్కసారిగా మీద పడతాది కూడా. 2014 జూన్ 8 గుర్తుందా? హైదరాబాద్ నుంచి ఇంజనీరింగ్ పిల్లలు హిమాచల్ టూరుకి వెళ్లినారు. బియాస్ నదిలో నీళ్లు తక్కువగా ఉన్నాయని రాళ్ల మీదకి దిగి ఫొటోలు తీసుకుంటన్నారు. పైన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీరు వదిలేసినారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోనారు. శవాల కోసం వారాల తరబడి వెతికినారు. ఆ వీడియో మనందరం చూసినాం, అందుకే ఎక్కువ చెప్పను. తర్వాత బయటపడిన సంగతేటంటే, ఆ సాయంత్రం కరెంటు వాడకం తక్కువుంది, ఉత్పత్తి తగ్గించమని పైనుంచి మాటొచ్చింది. మిషన్లలోకి పోవాల్సిన నీరు పేరుకుంటే గేట్లు ఎత్తినారు. ఎక్కడో కంట్రోలు రూములో ఒక అంకె తగ్గితే ఇక్కడ నది పెరుగుతాది. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా వరద రావచ్చు.

డుడుమ లోయలోకి, సీలేరు ఒడ్డుకి దిగేవాళ్లు ఇది బుర్రలో పెట్టుకోవాలి. రాళ్ల మీద నీటి చార తాజాగా ఉందంటే నిన్నో మొన్నో నీరు అక్కడి దాకా వచ్చిందని. నీరు రంగు మారితే, ఆకులూ పుల్లలూ ఎక్కువ కొట్టుకొస్తే రీల్ వదిలేసి గట్టెక్కండి. సైరను మోగితే అప్పుడు ఎక్కుదాంలే అనుకోకండి. ఆ చప్పుడు నీటి హోరులో వినపడుతుందన్న భరోసా లేదు.

ఇప్పుడు అసలు వార్త దగ్గరకి వస్తాను. ఇదంతా ఈ రోజు ఎందుకు రాస్తన్నానంటే, మన కొండల్లో రెండో విడత మొదలైంది. దాని పేరు పంప్డ్ స్టోరేజి. ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్లది, 150 మెగావాట్ల మిషన్లు తొమ్మిది. పైన గుంటవాడ జలాశయం, కింద డొంకరాయి. అది కాక ఎర్రవరం, పెదకోట, కురుకుట్టి, కర్రివలస అంటూ ఏజెన్సీ అంతటా పేర్లు వినపడతన్నాయి. ఊళ్లలో సర్వే రాళ్లు పాతితే జనం పీకేసిన చోట్లున్నాయి, మా భూమి ఇవ్వం అని ఊరేగింపులు తీసిన చోట్లున్నాయి.

పంప్డ్ స్టోరేజి అంటే ఏటో ముందు తెలుసుకోండి, ఎందుకంటే మీ ఊరికి వచ్చే ఆఫీసరు "కరెంటు ప్రాజెక్టమ్మా" అనే చెప్తాడు. ఇది కరెంటు పుట్టించేది కాదు. మధ్యాన్నం సోలార్ కరెంటు ఎక్కువై చవగ్గా ఉన్నప్పుడు కింది చెరువులో నీరు పైకి తోడతారు. రాత్రి అందరూ ఏసీలు వేసి రేటు పెరిగినప్పుడు అదే నీరు కిందకి వదిలి కరెంటు తీస్తారు. నూరు యూనిట్లు ఖర్చు పెడితే తిరిగొచ్చేది డెబ్బై అయిదు, ఎనభై. కొండంత బ్యాటరీ అనుకోండి. సూర్యుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకే కాబట్టి ఇలాంటి బ్యాటరీ దేశానికి అవసరమే, బొగ్గు తగ్గించాలంటే ఇంకా అవసరం. ఆ వాదనలో బలముంది, నేను ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది. 2008 జలవిద్యుత్ విధానంలో ఒక మంచి మాట రాసినారు: ప్రాజెక్టు వచ్చిన రాష్ట్రానికి 12 శాతం కరెంటు ఉచితం, స్థానిక ప్రాంత అభివృద్ధికి అదనంగా 1 శాతం, నిర్వాసిత కుటుంబం ఒక్కోదానికి నెలకి 100 యూనిట్ల చొప్పున పదేళ్లు. మాచ్‌ఖండ్ నిర్వాసితులకి అది అందదు, వాళ్లు యాభై ఏళ్లు ముందే మునిగిపోనారు. పోనీ కొత్తవాటికైనా? 2023 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. పంప్డ్ స్టోరేజి కరెంటు పుట్టించదు, దాస్తాది అంతే, కాబట్టి ఉచిత కరెంటు బాధ్యత నుంచి దాన్ని మినహాయించాలి అని. చూసినారా? ఊరికొచ్చి చెప్పేటప్పుడు కరెంటు ప్రాజెక్టు. వాటా ఇవ్వాల్సి వచ్చేటప్పుడు కరెంటు ప్రాజెక్టు కాదు.

ఎగువ సీలేరులో రెండు జలాశయాలూ పాతవే, కొత్త ముంపు పెద్దగా ఉండదు అంటారు. మిగతావాటి కంటే ఇది మెరుగే. కానీ సొరంగాలు తవ్వాలి, రోడ్లు వెయ్యాలి, తవ్విన మట్టి ఎక్కడో పొయ్యాలి. అన్నీ అడవిలోనే. మిగతా చోట్లయితే గెడ్డల మీద, ఊటల మీద కొత్త చెరువులు కట్టాలి. ఆ గెడ్డ నీటి మీద బతికే రాగి చేను, కూరల మడి ఏ సర్వేలోకీ రావు. జోలాపుట్‌లో పట్టా లేదన్నట్టే ఇక్కడా అంటారు.

కానీ ఈ పాలి మన చేతిలో కాగితాలున్నాయి. 1955లో లేనివి. అయిదో షెడ్యూలు ప్రాంతంలో ఆదివాసేతరులకి భూమి బదిలీ కాకుండా 1/70 చట్టముంది, దాని మీద సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పుంది. 1996 పెసా చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. పోడు భూమికి హక్కు పత్రం తేల్చకుండా అడవి మీద చెయ్యి వెయ్యకూడదు. 2013 భూసేకరణ చట్టంలో గ్రామసభ సమ్మతి ఉంది. గ్రామసభ అంటే సర్పంచు ఇంటి అరుగు మీద నలుగురి సంతకాలు కాదు. కోరం ఉండాలి, తీర్మానం చదివి వినిపించాలి, అర్థమయ్యే భాషలో చెప్పాలి. గదబ ముసల్దానికి తెలుగులో కూడా కాదు, ఆవిడ మాటలో చెప్పాలి. అక్కడే మీ అవసరం. ఊళ్లో చదువొచ్చి ఫోను పట్టినవాళ్లు మీరే. సభ జరిగిన రోజు వీడియో తియ్యండి, మినిట్స్ కాపీ అడిగి తీసుకోండి. జలపాతానికి డ్రోన్ ఎగరేసిన చేతులకి అదేం పెద్ద పని కాదు.

డుడుమ సంగతికొస్తే, నా మటుకు నేను కోరేది చాలా తక్కువ. మిషన్లు ఆపమనడం లేదు. ఏడాదిలో ప్రతి రోజూ ఆ రాతిగోడ మీంచి ఇంత నీరు పడాలి అని ఒక అంకె రాయమంటన్నాను. నీరు వదిలే ముందు లోయలోని ఊళ్లకి ఫోను మెసేజీ, సైరనూ రెండూ కావాలంటన్నాను. మునిగిన ఊళ్ల వారసులు ఎక్కడున్నారో ఇప్పటికైనా లెక్క తీసి ఆ నెలకి వంద యూనిట్లు వాళ్లకీ ఇవ్వమంటన్నాను. రెండు రాష్ట్రాలు సగం సగం పంచుకున్న కరెంటులో ఇదెంత?

ఇందుకు ముందు లెక్కలు మన చేతికి రావాలి. మాచ్‌ఖండ్ కేంద్రాన్ని నడిపేది మన జెన్‌కో కాబట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు అక్కడికే పెట్టొచ్చు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి: గత అయిదేళ్లలో డుడుమ ఆనకట్ట నుంచి పవర్‌హౌస్‌కి నెలవారీగా ఎంత నీరు మళ్లించారు, జలపాతం వైపు ఎంత వదిలారు, వదిలే ముందు ఏ ఊళ్లకి ఏ పద్ధతిలో హెచ్చరిక పంపారు, ఆ రిజిస్టరు నకలు ఇవ్వండి. ఫీజు పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఒక్కడు రాస్తే పక్కన పడేస్తారు, అందుకని ముంచంగిపుట్టు నుంచి ఒకరు, పెదబయలు నుంచి ఒకరు, చింతూరు నుంచి ఒకరు రాయండి. నేను నాది ఈ వారమే పోస్టులో వేస్తన్నాను.